గుడ్డు వేయని ఆపిల్ రొట్టె

మా చిన్నప్పుడు దాల్చినచెక్క మా దుకాణంలో బస్తాల కొద్దీ ఉండేది… మా వంటింట్లో మాత్రం ఒక్క ముక్క ఉండేది కాదు. మాంసం కూరల్లో వేసే మసాలా కాబట్టి మా నాయనమ్మకు అది నీసు వాసన. బాపు దుకాణం నుంచి రాగానే చొక్కా వాకిట్లోనే విప్పి లోపలికి రావాలి. ఆ సరుకు అమ్మిన డబ్బు మాత్రం నేరుగా దేవుడి గదిలోకి వెళ్ళేది… దానికి ఏ వాసనా లేదట.

ఉప్పుగూడలో మా ఇంటి వెనక రెండు గదుల్లో గ్రేసమ్మ తనవాళ్ళతో అద్దెకుండేది. ఆస్పత్రిలో నర్సు. ఆ రోజుల్లో మేం ఆపిల్ పండు ముఖం చూడాలంటే టైఫాయిడ్ రావాలి… ఆమెకేమో జబ్బు నయమై ఇంటికి వెళ్ళేవాళ్ళు ప్రేమగా చేతిలో పెట్టి పోయేవాళ్ళు. దెబ్బ తగిలిన పండును కూడా ఆమె పారేసేది కాదు. మచ్చ వరకు కోసేసి, మిగతాది సన్నగా తరిగి రొట్టెలో వేసేది.

పిండి పులియబెట్టే పని లేదు. మైదా, చక్కెర, పుల్ల మజ్జిగ, చిటికెడు వంటసోడా, దంచిన దాల్చినచెక్క… అన్నీ కలిపి నూనె రాసిన రేకు డబ్బాలో పోసేది. పెద్ద గంజులో ఇసుక పోసి, అందులో డబ్బా పెట్టి, మూత మీద నిప్పులు పేర్చేది. ఇక ఆ వాసన…

వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టొద్దని నాయనమ్మ ఆజ్ఞ. నాకు తొమ్మిదేళ్ళు. ఒక రోజు ఆ ఆజ్ఞ ఎక్కడికి పోయిందో గానీ, నేను మాత్రం గ్రేసమ్మ పొయ్యి ముందే ఉన్నాను. ఆమె వేడి ముక్క కోసి కాగితంలో పెట్టి ఇచ్చింది.

"నీకోసమని గుడ్డు ఎయ్యలే బిడ్డా. మీ ఇంట్ల తినరు గదా."

మూడు ముక్కలు తిన్నాను.

పెరటి గుమ్మంలోనే నాయనమ్మకు దొరికిపోయాను. నోరు తెరవమంది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, వాంతి వచ్చినట్టు ముఖం పెట్టింది. "వాళ్ళింట్ల నీసు తిన్నవా?" అంది.

కాదు, రొట్టె అని చెప్పొచ్చు. కానీ చెబితే వాళ్ళింట్లో నా అంతట నేను తిన్నానని ఒప్పుకోవాలి… చూరులో చింతబరిక ఉంది. నా బుర్ర బాగా పనిచేసింది.

"నేనొద్దన్న నాయనమ్మా… ఆమెనే నోట్ల పెట్టింది."

నీసు అని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. చింతపండు, ఉప్పు పెట్టి ఇత్తడి చెంబు తోమినట్టు నా నాలుక తోమించింది నాయనమ్మ. దెబ్బ మాత్రం ఒక్కటి పడలేదు. బలవంతాన మైలపడిన పిల్లను ఎవరు కొడతారు…

సాయంత్రం బాపు గ్రేసమ్మను పిలిపించాడు. ఆమె మిగిలిన రొట్టెను డబ్బాతో సహా తెచ్చింది.

"చూడుండ్రి సేట్, ఇది రొట్టె. దీంట్ల గుడ్డు గూడ లేదు. మీ దుకాణంల కొన్న దాల్చినచెక్కనే."

బాపు డబ్బా అందుకుని వాసన చూశాడు. రోజూ దాల్చినచెక్క తూచే మనిషి… ఆయనకు తెలియకపోవడమేమిటి. డబ్బా మెల్లగా కింద పెట్టాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆ తర్వాత గ్రేసమ్మ వైపు కాదు, గోడ వైపు చూస్తూ చెప్పాడు… నెల తిరిగేలోపు గదులు ఖాళీ చేయాలని.

గ్రేసమ్మ నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు బిడ్డా, నీకేం పెట్టిన?"

నేను నాయనమ్మ కొంగు వెనక్కి పోయి నిలబడ్డాను. అంతే… నేను చేసింది అంతే.

నెల కూడా ఉండలేదు వాళ్ళు. ఒక తోపుడుబండి మీద మంచం, ట్రంకుపెట్టె, ఆ ఇసుక గంజు పెట్టుకుని కిషన్‌బాగ్ వైపు వెళ్ళిపోయారు. గదులు కడిగించి పసుపునీళ్ళు చల్లించింది నాయనమ్మ. బాపు ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నిజం అన్నదానికి మా ఇంట్లో ఇచ్చే మర్యాద అది… చప్పుడు చేయకుండా పూడ్చిపెడతాం.

చిన్నతనం తలచుకుంటే నోరూరుతుందని ఈ వంటల గ్రూపులో అందరూ రాస్తుంటారు. నాకు ఆ చింతపండు, ఉప్పే నాలుక మీదికి వస్తాయి.

ఇప్పుడు ఆ ఇంటి స్థలంలోనే మూడంతస్తులు లేచాయి. పోయిన ఆదివారం నా మనవరాలు ఫోన్ చూసి ఆపిల్, దాల్చినచెక్క రొట్టె చేసింది… కరెంటు ఓవెన్‌లో, గ్రాముల లెక్కన. ఇల్లంతా అదే వాసన. కోడలు ఫొటోలు తీసింది. నా కొడుకు రెండో ముక్క నములుతుండగా ఫోన్ మోగింది. ఎవరో కింది పోర్షన్ అద్దెకు అడుగుతున్నారు.

"ఏం తింటరు మీరు?" అన్నాడు, మీసం మీద రొట్టె పొడితో. అవతలివాళ్ళు ఏమన్నారో… "మాకేం లేదు భాయ్, గానీ ఆల్‌రెడీ వేరేవాళ్ళకు ఇచ్చేసినం" అన్నాడు.

ఎవరికీ ఇవ్వలేదు. ఆ పోర్షన్‌కు తాళం వేసి ఉంది. తాళంచెవి నా పక్కన గూట్లోనే ఉంది.

ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని… ఒక్క మాట అనొచ్చు. నా నోట్లో ముక్క ఉంది. మెల్లగా నమిలి మింగాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కక్కుకున్నాను. వయసు కదా, మైదా పడదులే అంది కోడలు.

మర్నాడు గ్రేసమ్మ సంగతి మొత్తం నా కొడుకుకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అప్పటి సంగతులు వేరమ్మా" అన్నాడు.

వేరే మరి… అప్పుడు ఎందుకు పొమ్మంటున్నామో పైకే చెప్పేవాళ్ళం. ఇప్పుడు మర్యాద నేర్చుకున్నాం.

రొట్టె కొలతలు నన్నడగకండి, మీ ఫోన్లలోనే ఉన్నాయి. మీ ఇంట్లోంచి కూడా ఎవరో ఒకరు గిట్లనే వెళ్ళిపోయి ఉంటారు… వాళ్ళ పేరు గుర్తుంటే కింద రాయండి. ఆ రోజు మీరు ఎవరి కొంగు వెనక ఉన్నారో కూడా.