ఖాళీ బండికీ మొద్దు కట్టాలి

లేదు, నిన్న మామ అన్నది తప్పే. "ఖాళీ బండికి మొద్దెందుకురా? బరువు లేంది యాడికి ఉరుకుతాది?" అన్నాడు. అందుకే ఈ ప్రయాణానికి నేనూ బయలుదేరాను. వానల్లేక ఊళ్లో గడ్డి అయిపోయింది. మామకు మిగిలింది కర్రోడనే ఒక్క ఎద్దే. జతకు పక్కింటివాళ్ల ఎద్దును అడిగి తెచ్చుకున్నాం. కర్రోడికి ఏమైనా అయితే మామ సేద్యం ముగిసినట్టే.

తెల్లవారి ఐదింటికి బండి కట్టాం. గడ్డి దొరికే కళ్యాణదుర్గం పద్దెనిమిది కిలోమీటర్లు, ఎద్దుబండికి ఐదు గంటల దారి. ఏడున్నరకు గుట్ట మీదికి చేరాం. అక్కడినుంచి రెండు ఫర్లాంగులు గులకరాళ్ల దిగుడు. బరువు బండ్లవాళ్లు వెనక తుమ్మ మొద్దు కట్టి ఈడ్పిస్తారు, అది నేలకు రాసుకుంటూ బండి వడి తగ్గిస్తుంది. ఖాళీ బండికి ఎవరూ కట్టరు. పోయినేడు ఇక్కడే ఖాళీ బండి మీదికొచ్చి మామ రెండో ఎద్దు ఎర్రోడి కాలు విరిగింది. నెలకు చచ్చిపోయింది. అది బెదిరి ఉరికిందని మామ నమ్మకం.

పక్కనే నున్నటి బండ వాలు ఉంది. నిమ్మకాయంత గుండ్రాయి, తలకాయంత గుండ్రాయి పక్కపక్కన పెట్టాను.

"ఏది ముందు పోతాది మామా?"

"పెద్దది. బడి ఎగ్గొట్టినోనికి ఇదీ తెలీదా?"

వదిలాను. మొదట మెల్లగా కదిలాయి, పోనుపోను వడి పెంచుకున్నాయి. రెండూ ఒక్కసారే కంపలో పడ్డాయి. మామ మళ్లీ తెమ్మన్నాడు. మూడుసార్లూ అంతే.

మామ బండ మీద కూర్చున్నాడు. "అయితే ఎర్రోడు బెదర్లేదు, ఖాళీ బండే తరిమింది. ఆ పొద్దు కిందపడినంక గూడా లెయ్యమని చెర్నాకోలతో కొట్టినానురా."

గెలిచానని నాకేమీ అనిపించలేదు. నేను బండిలో వేసుకొచ్చిన మొద్దును మామే దించి తాడు బిగించాడు. కర్రోడు నడక మార్చకుండా దిగాడు.

పదిన్నరకు కళ్యాణదుర్గం చేరాం. హోటల్లో ఇడ్లీ, టీ ఇద్దరికీ రెండు రూపాయల లోపే. వంటాయన వాకిట్లో మా బండిలో ఉన్న మొద్దును చూసి, "ఖాళీ బండికి మొద్దేందప్పా? జనాలు నవ్వరా?" అన్నాడు.

"నవ్వనీలే," అన్నాడు మామ.

బరువు ఎక్కువైతే బండి తోసే బలం ఎక్కువ, నిజమే. కానీ వడి పెంచేది వాలు. ఖాళీ బండైనా అది వదలదు. ముందు నడిచే ఎద్దుకు పక్కకు తప్పుకునే దారి ఉండదు, తప్పు మాత్రం దాని మీదే పడుతుంది. ఈ దారిన బండిలో వచ్చేవాళ్లు నేల చదునయ్యేదాకా మొద్దు విప్పకండి. దిగుడు తగ్గినంత మాత్రాన వడి తగ్గదు...

మామ గడ్డి ఎక్కించడానికి పిలుస్తున్నాడు. పోవాలి.