నాకు చాలనుకున్న ల్యాప్‌టాప్

పెళ్లికి ముందు నేను ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద భవనాల నమూనాలు గీసేదాన్ని. పాప పుట్టాక మానేశాను. ఏడాదిలో మళ్లీ చేరతానని అందరికీ చెప్పినదాన్ని, ఎనిమిదేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. పాప మూడో తరగతికొచ్చాక, ఇంటి నుంచే చిన్నచిన్న పనులు చేసుకుందామని, వైట్‌ఫీల్డ్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న షాపుకి ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లాం.

అక్కడ రెండు నచ్చాయి. ఒకటి కాస్త లావుగా ఉంది. అడుగున మరలు విప్పితే బ్యాటరీ, మెమొరీ, కీబోర్డు అన్నీ మనమే మార్చుకోవచ్చట. ధర ముప్పై వేలు ఎక్కువ. రెండోది అప్పడంలా పల్చగా ఉంది. మా ఆయన మొదటిదే తీసుకోమన్నారు.

"పని పెరిగితే మెమొరీ పెంచుకోవచ్చు. పదేళ్లు వస్తుంది" అన్నారు.

నేనే వినలేదు. "రెండు ఇళ్ల బొమ్మలు గీసుకోడానికి అంతెందుకు? నాకిది చాల్లెండి" అన్నాను.

ఆయనకి ఖరీదైన ఫోను కొన్నప్పుడు నా నోట ఈ మాట రాలేదు. పాప సైకిలుకీ రాలేదు. నా వస్తువు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరూ అడక్కుండానే తన్నుకొచ్చేస్తుంది. పైగా దాన్ని పొదుపనుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను. మిగిలిన డబ్బుతో ఫ్రిజ్ కొన్నాం.

రెండేళ్లు వంటగదుల బొమ్మలు, అల్మరాల బొమ్మలు గీస్తూ గడిచిపోయాయి. పోయిన ఏడాది ఉద్యోగాలకి అప్లై చేస్తే ఒక పెద్ద కంపెనీ నుంచి పిలుపొచ్చింది. నా ఎనిమిదేళ్ల ఖాళీ చూసి కూడా పిలిచినవాళ్లు వాళ్లొక్కరే. ఇంట్లో కూర్చునే, వాళ్లు ఆన్‌లైన్‌లో చూస్తుండగా, రెండు గంటల్లో మూడంతస్తుల భవనం నమూనా చేసి చూపించాలి. ముందుగా వాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. నా ల్యాప్‌టాప్ ఒక్క అంతస్తుకే ఆయాసపడింది.

మెమొరీ పెంచితే సరిపోతుందని, పరీక్షకి ముందురోజు చిక్కపేట మెట్రో స్టేషన్‌లో దిగి ఒక రిపేరు షాపు పట్టుకున్నాను. యజమాని కాటన్‌పేటలో తాతల కాలం నుంచీ ఉంటున్న తెలుగువాడు. అడుగు రేకు విప్పి, లోపల చూసి, నా వైపు తిప్పాడు.

"చూడమ్మా, మెమొరీ బోర్డుకే అతికించేసుండారు. ఇంకోటి పెట్టేకి జాగానే లేదు."

"ఎంతైనా ఇస్తానండీ."

"సుమ్నే, ఊరికే నీ దుడ్డు తీసుకుని నేనేం చేసేదమ్మా? అయ్యే పని కాదిది. ఇంకోటి కొనుక్కో, అంతే."

మా ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ వేయనివ్వరు. ఆ సాయంత్రమే కొత్తది కొనచ్చు. ఆయన పదమన్నారు కూడా. ఉద్యోగం వస్తుందో రాదో, నా కోసం మళ్లీ అంత డబ్బా అని నేనే ఆగిపోయాను.

మర్నాడు రెండో అంతస్తు మెట్ల దగ్గర తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడే ఆగింది. అవతలున్నావిడ మంచిది. "టెన్షన్ పడకండి మేడమ్" అంది. నాకు గీయడం వచ్చండీ, ఇది ల్యాప్‌టాప్ తప్పు అని అరవాలనిపించింది. మౌస్ పట్టుకుని మళ్లీ గీయడం మొదలుపెట్టాను. రెండు గంటలయ్యేసరికి నా భవనానికి మూడో అంతస్తు లేదు.

బాగుచేసుకోగలిగే ల్యాప్‌టాప్‌కి అంత పెట్టడం దండగ కదా అని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండిపోతుంది. రేపు ఇంకాస్త పెద్ద పని వస్తుందని నమ్మేవాళ్లు ఆ డబ్బు పెడతారు. నేను నమ్మలేదు. నా మీద నేను నమ్మకం పెట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు కూడా. ఆ తర్వాత ఏ కంపెనీ పిలవలేదు. చిన్న పనులొస్తే బొమ్మ తెరిచి గంటల తరబడి చూస్తూ కూర్చునేదాన్ని, చేతులాడేవి కావు. అడిగేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు.

పోయిన నెల బ్యాటరీ ఉబ్బి కీబోర్డు పైకి లేచింది. అదీ అతికించేసిందే. కొత్తది కొనడానికి, దాన్ని కొన్న షాపుకే మళ్లీ వెళ్లాం. కౌంటర్ దగ్గరున్నావిడ నవ్వుతూ నన్నడిగింది.

"ఏ పనికి మేడమ్?"

భవనాల నమూనాలు గీయడానికని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది.

"ఇంట్లోకి" అన్నారు మా ఆయన, నా తడబాటు చూడలేక.

ఆవిడ తలూపి చౌకరకాలున్న వైపు నడిచింది. నేను ఆవిడ వెనకే వెళ్లాను.