సుబ్బులు చెప్పిన ఫస్టాఫ్

పుల్లలచెరువు పక్క ఊళ్లలో మిరపకోతకు పిలిస్తే, ఆడకూలీలు ఒకప్పుడు సుబ్బులు వస్తుందా రాదా అని ముందు కనుక్కునేవాళ్లు. పనిమంతురాలని కాదు. ఆ మాటకొస్తే కూలిచ్చేవాళ్లకు ఆమె వల్ల నష్టమే. మార్కాపురంలో కొత్త సినిమా చూసి వచ్చిందంటే, మర్నాడు మిరపసాళ్ల మధ్య కూచుని ఫైటింగులతో, పాటలతో సహా కథంతా చెప్పేది. విలన్‌కో గొంతు, హీరోయిన్ ఏడుపుకో గొంతు. పక్క చేలో ఆడవాళ్లు కూడా గట్టు దాటి వచ్చి, తమ రైతు చేత తిట్లు తినేవాళ్లు.

ఇప్పుడు ఎవరి చెవుల్లో వాళ్లకు ఇయర్‌ఫోన్లు. చేతులు కాయలు కోస్తుంటాయి, మనసెక్కడో ఉంటుంది. భర్త ఎర్రయ్య పోయాక ఇంట్లో సుబ్బులుకు పలకరించే దిక్కు లేదు. అదైనా ఓర్చుకుంది గానీ, అంతమంది ఆడవాళ్ల మధ్య కూచుని నోరు మూసుకోవడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

అందుకే మొన్న కంట్లో చుక్కల మందుకని మార్కాపురం వెళ్లినప్పుడు, చాలాకాలం తర్వాత మ్యాట్నీకి దూరింది. ఏదో డబ్బింగ్ సినిమా. హాలు దాదాపు ఖాళీ. ఒక పిచ్చి సైంటిస్టు పాతకాలపు వీడియోగేమ్ మిషన్‌ను బాగుచెయ్యబోతే, అది పేలి ఊరు ఊరంతా ఆటగా మారిపోతుంది. మనిషికి మూడేసి ప్రాణాలు. సుబ్బులు పుట్టి బుద్ధెరిగి వీడియోగేమ్ ఆడింది లేదు. అయినా పడీపడీ నవ్వింది. తిరిగొచ్చే బస్సులో త్రిపురాంతకం దాకా పెదాలు కదుపుతూ కథ సాధన చేసుకుంది. పక్కసీటావిడ ఎందుకైనా మంచిదని కిటికీ వైపు జరిగి కూచుంది.

మర్నాడు చేలో కూచోగానే మొదలుపెట్టింది.

"నిన్న నేను సినిమాకు పోయినా."

ఎవరూ తలెత్తలేదు. ఆమె ఆగలేదు.

"పొట్టలావు ఎస్సై ఒకడు. ఆటలోని గుమ్మడికాయ లాంటి బొమ్మ దబ్బున పైనుంచి పడి వాణ్ని మింగేసింది. సచ్చినాడు అనుకుంటాం గదా? టింగుమని మళ్లా అదే తావులో లేసినాడు! టోపీ లేదు. ప్రాణం వచ్చిందని గాదు, టోపీ యాడ పోయిందని ఎతుకుతాండు! ఆ లోపల మళ్లా మింగేసింది. మనిషికి మూడు ప్రాణాలు గదా, మళ్లా లేసినాడు!"

పక్క సాలులో రోశమ్మ కిసుక్కున నవ్వింది. మొన్ననే కాపురానికి వచ్చిన చిన్నపిల్ల ప్రసన్న ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసింది.

"మూడు ప్రాణాలా పిన్నమ్మా! ఎవరిస్తారు?"

"ఆ మిషనే ఇస్తాది. మీ చిన్నాయనకు దేవుడు ఒకటే ఇచ్చినాడు, అదీ పాతదే ఇచ్చినాడు."

సాలంతా గొల్లున నవ్వింది. సుబ్బులు కూడా నవ్వింది. ఎన్నాళ్లకు విన్నారు తన మాట!

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి హీరోను ఒకే ఒక్క ప్రాణంతో నీళ్లట్యాంకు మీదికి ఎక్కించింది. చుట్టూ బొమ్మలు నోళ్లు తెరుచుకుని వస్తున్నాయి. అక్కడ టక్కున ఆపి, "ఇంటర్వెల్" అంటూ లేచింది. అది ఆమె పాత పద్ధతి. అన్నాల వేళకు ఇంటర్వెల్ వేస్తే, తర్వాత ఏమైందో చెప్పమని ఆడవాళ్లు ముద్ద మింగకుండానే వెంటపడేవాళ్లు. ఆమె బెట్టు చేసేది. ఆ బెట్టులోనే ఉండేది సుఖమంతా.

గట్టు నీడన క్యారేజీలు విప్పారు. సుబ్బులు మెల్లగా తింటూ అందరి మొహాలూ చూసింది. ఒక్కరు అడిగితే చాలు. సెకండాఫ్ ఇంకా బాగుంటుంది. రోశమ్మ ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ నవ్వుకుంటోంది. మిగతావాళ్లు తిన్నారు, చేతులు కడుక్కున్నారు, తిరిగి సాళ్లలోకి దిగారు.

అప్పుడు ప్రసన్న పక్కకొచ్చి కూచుంది.

"పిన్నమ్మా, ఆ సినిమా..."

సుబ్బులు ప్రాణం లేచొచ్చింది. బెట్టు చెయ్యడం కూడా మరిచిపోయింది.

"చెప్తానే తల్లీ, చెప్తా. ఆ ట్యాంకు మీద..."

"అది గాదు పిన్నమ్మా. సినిమా పేరేందో చెప్పు. ఫోన్‌లో ఉంటాది గదా, ఇంటికి పోయినాక చూసుకుంటా."

హాలు బయట పోస్టరు మీద బారెడు అక్షరాలతో ఉన్న పేరు సుబ్బులుకు కళ్లకు కట్టినట్టుంది.

"పేరు గుర్తులేదమ్మా" అంది.

పోనీలే పిన్నమ్మా అని ప్రసన్న రెండో చెవి కూడా మూసుకుంది.