లైన్లో ఫోన్, దారి తప్పి నేను

ఆ రోజుల్లో నేను రోడ్ల మీద బతికేవాణ్ణే గానీ, రోడ్లు తెలిసినవాణ్ణి కాదు. కొత్తగా క్యాబ్ డ్రైవరునయ్యాను. ఫోన్‌లో దారి చెప్పే అమ్మాయి కుడికి తిరగమంటే కుడికి, ఎడమకి అంటే ఎడమకి తిరిగేవాణ్ణి. (పెళ్లయ్యాక కూడా అంత బుద్ధిగా ఎవరి మాటా వినలేదు.) ఎండకు ఫోన్ వేడెక్కితే తడిగుడ్డ చుట్టేవాణ్ణి. నేను తినకముందే దానికి ఛార్జింగ్ పెట్టేవాణ్ణి. అది నన్ను పోషిస్తోందో, నేను దాన్ని సాకుతున్నానో తెలిసేది కాదు.

శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో ప్రయాణికుల కోసం లైన్లో ఉండేది మనిషి కాదు, కారు కూడా కాదు, ఫోన్. అది పార్కింగ్ హద్దు దాటినట్టు యాప్‌కు కనిపించిందా, మన వంతు పోయి మళ్లీ చివరికి పడతాం. అందుకని స్నానానికో తిండికో వెళ్లేవాళ్లు ఫోన్‌ను తోటి డ్రైవరు చేతిలో పెట్టి పోయేవారు. అలా మా అందరి ఫోన్లకూ పెద్దదిక్కు, మేమంతా చాచా అని పిలిచే పాత డ్రైవరు.

ఆ రోజు జల్‌పల్లిలో మా అక్క ప్రధానం. పెళ్లికొడుక్కి తొడగాల్సిన ఉంగరం నా జేబులో ఉంది. అప్పటికే ఒక సంబంధం మాట పట్టింపులతో తప్పిపోయింది కాబట్టి, ఆలస్యం చెయ్యొద్దని అమ్మ మరీ మరీ చెప్పింది. నేనేమో తెల్లారకముందే లైన్లో చేరాను. వంతూ పోకూడదు, ప్రధానమూ తప్పకూడదని పంతం పట్టాను.

"చాచా, ఫోన్ ఈడ్నే ఉంటది. నా నంబరొస్తే జర నాకు ఫోన్ చెయ్, ఉరికొస్త."

"బేఫికర్‌గ పో బేటా, చేస్త," అన్నాడు చాచా. (ఏ ఫోన్‌కు చేస్తాడో ఆయనా అడగలేదు, నాకూ తట్టలేదు.)

కారు రోడ్డెక్కాక అలవాటుగా ఆ అమ్మాయి గొంతు కోసం చెవి ఒగ్గాను. చప్పుడు లేదు. జల్‌పల్లికి ఎన్నోసార్లు వెళ్లినవాణ్ణే, కానీ దారి చూసింది ఫోన్, నేను తిప్పింది స్టీరింగు మాత్రమే. వెనక్కి పోయి తెచ్చుకుంటే వంతు పోతుంది. ఏదైతే అదైంది, దారి అడుగుతూనైనా చేరి తీరాలనుకున్నాను. కాసేపటికి ప్లాట్ల హద్దురాళ్ల మధ్య తేలాను. అక్కడ బర్రెలు కాస్తున్న అవ్వ ఒకామె నన్నూ, నా కారునూ ఎగాదిగా చూసింది.

"క్యాబ్ నడ్పుతవ్, తొవ్వ తెల్వదా బిడ్డా?"

"తెల్వదవ్వా."

"మరి రోజూ గంత మందిని ఏడికి తీస్కపోతున్నవ్‌రా?"

ఆమె చూపించిన వైపు తిప్పాను. అక్కణ్ణుంచి ప్రతి మలుపులోనూ సిగ్గు చంపుకుని ఎవరో ఒకరిని అడిగాను.

ఈలోగా ప్రధానం దగ్గర జరిగింది నాకు తర్వాత తెలిసింది. నేనింకా రాలేదని అమ్మ ఫోన్ చేస్తే ఎవరో పరాయి మగమనిషి గొంతు పలికిందట. "నా కొడుక్కేమైందయ్యా?" అని అమ్మ ఏడుపు అందుకుందట.

"ఏం గాలేదమ్మా. ఫోన్ లైన్ల ఉంది, పోరడు తొవ్వల ఉన్నడు. పరేషాన్ గాకు. వాడు నీ దగ్గరికి చేరేదాంక నేను ఈడికెళ్లి కదల," అన్నాడట చాచా. అప్పటికే మొహాలు ముడుచుకున్న మగపెళ్లివారితో కూడా తనే మాట్లాడాడట. "జర ఆగున్రి. పోరడు మంచోడే, తొవ్వలే తెల్వయి." దాంతో పెళ్లికొడుకు తండ్రి పకపకా నవ్వి, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడట.

చెమటలు కక్కుతూ చేరాను. "వచ్చినవా డ్రైవర్ సాబ్?" అంది అక్క, ఏడుపు ఆపుకుని నవ్వుతూ. ఉంగరం వేలికెక్కింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి చాచా పార్కింగ్‌లోని బల్ల మీద, నా ఫోన్‌కు తడి రుమాలు చుట్టి కూర్చున్నాడు. నా వంతు వచ్చిందట, పోయిందట. ఫోన్ తెరవాలంటే నా బొటనవేలు కావాలి, అది జల్‌పల్లిలో ఉంది. చాచాకు కూడా వరంగల్ బేరం వస్తే వదులుకున్నాడు.

"గంత దూరం బేరం ఎందుకిడ్సినవ్ చాచా?"

"మీ అమ్మకు మాటిచ్చిన గదరా."

నాకు ఏడుపొచ్చింది. మర్నాడే చాచా బొటనవేలి ముద్ర కూడా నా ఫోన్‌లో ఎక్కించాను.

చాచా కారు మానేసి చాలాకాలమైంది. నా ఫోన్లు ఎన్నో మారాయి. కొత్తది కొన్నప్పుడల్లా ఆయన వేలి కోసం వెళ్తాను. "ఇప్పుడెందుకురా, నేనేడ లైన్ల ఉన్న?" అంటూనే వేలు చాపుతాడు. ఇప్పటికీ ఎక్కడికి పోవాలన్నా ఆ అమ్మాయినే అడుగుతాను. చాచా ఇంటికి మాత్రం అడగను.