రిపేరు నూనె

ఏడుపాయల దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలింది మా నానమ్మ యాదవ్వ కోసమే. ఆమె గారెలు వేయిస్తుంటే ఆ వాసన ఎటునుంచి వస్తోందో తెలియక, నది తలో దిక్కుకూ వెతకబోయింది. దేవుళ్లూ మునులూ అంటూ పెద్దలు వేరే కథ చెబుతారు గానీ, మెదక్‌లో మా వీధివాళ్లను అడగండి, నిజం చెబుతారు.

ఆ వాసనలో సగం గొప్పతనం పల్లినూనెది. దాన్ని కొనడానికి నానమ్మ ఇంకెవరినీ నమ్మేది కాదు. తనే గానుగ దగ్గరికి పోయి, ఒక చుక్క ముంజేతి మీద వేయించుకుని, రుద్ది, వాసన చూసి, నాలుకకు తాకించి, "నిన్నటిదా?" అని అడిగేది. గానుగాయన ఒట్టు పెట్టినా రెండో చుక్క వేయించుకునేది. చివరికి ఆ చేతిని నా నెత్తికి తుడిచేది. ఇన్ని రకాల నూనె రుచి చూసిన జుట్టు వీధిలో నాదొక్కటే.

వీధికి ఆమె పెట్టిన చట్టం ఒకటుంది. వాసన ఏ ఇంటిదాకా పోతే ఆ ఇంటికి పళ్లెం పోవాలి. ఎవరితో పడినా పడకపోయినా పోవాలి. మొదటి పళ్లెం ఎప్పుడూ పక్కింటి ఖమర్ జహాన్‌కే. రెండిళ్ల మధ్య ఛాతీ ఎత్తు గోడ. మా గారెలు అటు ఎక్కి దిగేవి, రంజాన్‌కు వాళ్ల సేమియా ఇటు ఎక్కి దిగేది.

దసరాకు వచ్చింది తంటా. ఖమర్ జహాన్ గారె కొరికి, ఆడవాళ్లందరి ముందూ, "యాదక్కా, ఇది పోయిన పండుగ నూనె కదా" అనేసింది. అది పోయిన పండుగ నూనే. కాగి మిగిలినదాన్ని నానమ్మ గుడ్డలో వడగట్టి మళ్లీ మూకుట్లో పోయడం నేను చూశాను. అయినా నానమ్మ పళ్లెం లాక్కుని ఇంటికొచ్చింది. మాటలు బందయ్యాయి.

ఆ తర్వాత నానమ్మకు అన్నం సయించలేదు. సంక్రాంతికి కూడా మూకుడు పొయ్యెక్కించలేదు. పొద్దున్నే గోడ పక్కన నిలబడి, అటు వినబడేలా మేకను తిట్టేది. మాకు మేక లేదు. అటునుంచి దగ్గు వినిపిస్తే కాసేపు ఆగి, ఇంకా ఏమైనా వినిపిస్తుందేమోనని చూసి, లోపలికి వచ్చేది.

శివరాత్రికి ఏడుపాయల జాతర వచ్చింది. దారిలో తినడానికి గారెలు చేయాలి. నానమ్మ ఉపాయం పన్నింది. కొత్త పల్లినూనెలో వేయిస్తే వాసన గోడ దాటుతుంది. దాటితే పళ్లెం పంపక తప్పదు, చట్టం చట్టమే. తను తల వంచినట్టూ కాదు, ఈసారిది పాత నూనె కాదని ఖమర్ జహాన్ ముక్కుకూ తెలుస్తుంది. పొయ్యిని కూడా గోడ పక్కకు మార్పించింది. కానీ మోకాళ్లు పట్టేయడంతో, ఆ ఒక్కసారి నూనె పని మా నాయన మదన్‌మోహన్‌కు అప్పజెప్పింది. ఆయన ఆఫీసు పని మీద హైదరాబాద్ పోయి, పిండి కలిపి కూర్చున్న వేళకు మెరిసే డబ్బా ఒకటి తెచ్చి దించాడు.

నానమ్మ మూత తీసి వంగి చూసింది. "ఏందిరా ఇది, నీళ్ల లెక్కుంది?"

"రిఫైండ్ నూనె అవ్వా. పట్నంల పెద్ద పెద్దోళ్లు గిదే తింటుండ్రు. నా ఛాతీల మంట గూడ తగ్గుతదట."

"రిపేరు నూనెనా? రిపేరు చేసిన్రంటే ఒకపారి ఖరాబైనట్టే గద."

"రిపేరు గాదే, రిఫైండు."

"గదే అంటున్న. ఖరాబైంది తెచ్చినవ్."

ముంజేతి మీద చుక్క వేసుకుని రుద్దింది. వాసన లేదు. నాలుకకు తాకించింది. రుచీ లేదు. నా నెత్తికి తుడవడం కూడా మరిచిపోయి గోడ వైపు చూసింది. గానుగ అప్పటికే మూసేశారు. పిండి ఆగదు. డబ్బా వంచి మూకుట్లో పోసింది.

గారెలు చక్కగా పొంగాయి, ఎర్రగా వేగాయి. వాసన మాత్రం పొయ్యి కూడా దాటలేదు. నానమ్మ చాట తీసుకుని గోడ వైపు విసరడం మొదలుపెట్టింది. వీధిలో ఎవరైనా చూస్తే ఆమె గోడకు ఉక్కపోస్తోందనుకునేవారు. విసిరి విసిరి చాట కింద పెట్టేసింది. ఆమె కళ్లు తడిగా ఉంటే, పొగేమో అనుకున్నాను. ఆ పొయ్యిలో పొగ లేదు.

అప్పుడు గోడమీద ఒక తల లేచింది.

"ఏం యాదక్కా, సుయ్యి సుయ్యి చప్పుడొస్తుంది, వాసన రాదు. నాకు ఇయ్యాల్సొస్తదని వాసన బంద్ జేసినవా?"

నానమ్మ గంటె అందుకుని, మూకుడు వైపే చూస్తూ అంది. "పాత నూనె అన్నదానివి, నీకెందుకు వాసన?"

"అవ్, అన్న. పాతదే ఉండె, గందుకే అన్న. గంతమాత్రానికి దొంగతనంగ వండుకుంటవా?"

"దొంగతనం మా ఇంటా వంటా లేదు. ఇగో, తిను."

పళ్లెం గోడెక్కింది. ఖమర్ జహాన్ ఒక గారె కరకరా నమిలి, ఇంకోటి నమిలి, ముఖం చిట్లించింది.

"చప్పగుంది అక్కా. దీనికంటె దసర గారెలే మంచిగుండె."

నానమ్మ గంటె పక్కన పెట్టి నవ్వింది. అంత నవ్వు ఆ ఇంట్లో దసరా తర్వాత వినలేదు. అదే ఊపులో, డబ్బా తెచ్చిన కొడుకు బుద్ధి గురించి ఇద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి, పొయ్యి చల్లారేదాకా మాట్లాడుకున్నారు.

అప్పటినుంచి మా ఇంట్లో సగం పల్లినూనె, సగం డబ్బా నూనె కలిపి వేయిస్తారు. డబ్బాది మా నాయన ఛాతీకి, పల్లిది ఖమర్ జహాన్ ముక్కుకు.

ఇదంతా రాసి నానమ్మకు చదివి వినిపించాను. రిపేరు నూనె మీ ఇద్దరినీ రిపేరు చేసింది కదా అని కూడా అన్నాను. ఆమె గోడ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఏడో తరగతి రెండుమార్లు సదివినోనివి, నీకు రాతలెందుకురా? ముందుగాల ఆ వడగట్టిన ముచ్చట కొట్టెయ్. అది కొత్త నూనెనే."