బాపు కడుపులో గాలి

తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజులవి. మేం మాత్రం జగిత్యాలలో ఒక ప్రైవేటు దవాఖానాలో, మా బాపు కడుపులోంచి గాలి ఎప్పుడు పోతుందా అని కూర్చున్నాం.

బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. సొంతానికి రెండున్నాయి. పేగు మెలిపడితే ఆపరేషన్ చేశారు. అది బాగానే అయింది కానీ, ఆ తర్వాత పేగులు కూడా సమ్మెలోకి దిగాయి. కడుపు ఉబ్బింది, ముక్కులో గొట్టం వేశారు.

"గాలి పోతె చాలు. లేకపోతె మళ్ల కొయ్యాలె," అన్నాడు డాక్టరు.

మంచం కిరాయి, సెలైన్లు, రోజుకో ఎక్స్‌రే. మళ్లీ కోస్తే ఒక సాంచా అమ్మాల్సిందే.

నర్సు, ఆయా, పక్క మంచం ఆయన, చివరికి మందుల షాపాయన కూడా ఒకటే అడిగేవారు: "పోయిందా?" బయట రోడ్డు మీద ఏ చప్పుడైనా అమ్మ ఆశగా బాపు దుప్పటి వంక చూసేది.

మా ఆయన కోరుట్ల నుంచి వచ్చి మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మామ ఆపతిలో ఉంటే అల్లుడు లేచి వెళ్లడం మర్యాద కాదట. తిండి అక్కడే, కునుకు అక్కడే. అయిదు రోజులు! ఎంత మంచి మొగుడు దొరికాడని నేను మురిసిపోయాను.

ఆరో రోజు పొద్దున డాక్టరు వచ్చి, "రేపటిదాక చూస్త. పైసలు తయారు చేసుకోండ్రి," అన్నాడు. ఆ రోజు బంద్, బస్సులు లేవు. మా ఆయన తన మోటారు సైకిల్ తీసుకుని కోరుట్ల బయల్దేరాడు.

బండి చప్పుడు గేటు దాటిందో లేదో, బాపు నావైపు తిరిగాడు.

"అల్లుడు పోయిండా బిడ్డా?"

"పోయిండు బాపు."

"మళ్ల ఎప్పుడస్తడు?"

"పొద్దూకినంక."

అంతే. ఏం చెప్పమంటారు! పక్క మంచం ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది. అమ్మ గోడ మీది క్యాలెండర్‌కు దండం పెట్టింది.

"మూడొద్దుల సంది అస్తనే ఉన్నది," అన్నాడు బాపు గోడవైపు తిరిగి. "ఇంటల్లుని ముందట ఎట్ల బిడ్డా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాటి వెనకాలే కోపం.

"నీ సిగ్గు పాడుగాను బాపు! రోజుకెన్ని పైసలైతున్నయో ఎరుకేనా?"

డాక్టరు కడుపు నొక్కి చూసి, మళ్లీ కోసే పని లేదన్నాడు.

చీకటి పడే వేళకు మా ఆయన వచ్చాడు. కొంత దూరం నడిచి, కొంత దూరం ఎవరెవరి బండ్లో ఎక్కి వచ్చాడట. చెమటకు తడిసిన అంగీ జేబులోంచి పైసలు తీసి నా చేతిలో పెట్టాడు. మోటారు సైకిల్ అమ్మేశాడు. ఆ పైసలు అప్పటిదాకా అయిన బిల్లుకే సరిపోయాయి.

ఇప్పటికీ దవాఖానా మాట వస్తే మా ఆయన ఛాతీ విరుచుకుని, "అయిదొద్దులు మామ పక్కకెల్లి లేస్తె ఒట్టు," అంటాడు.

"అవు, లేవనే లేవలె," అంటాడు బాపు తల దించుకుని.

నేను వంటింట్లోకి పోతాను. బండి అమ్మించింది తన మర్యాదేనని మా ఆయనకు ఇప్పటిదాకా మేమెవ్వరం చెప్పలేదు.