ప్రేమమ్మ నీళ్ళు పోయడం మానేసిన ఏడాది

ఖానాపూర్‌లో ప్రేమమ్మ ఉండే వాడలో ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు సగం మంది పసిగుడ్డులుగా ఆమె కాళ్ళ మీద పడుకున్నవాళ్ళే. బాలింత ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే ఆమెకు కబురు వచ్చేది. పొద్దున్నే వెళ్ళి పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి ఒళ్ళంతా నూనె రుద్దేది. శనగపిండి పెట్టి వేడినీళ్ళు పోసేది. ఊదు పొగ చూపించి, మెత్తటి బట్టలో చుట్టి తల్లి ఒళ్ళో పెట్టేసరికి బిడ్డ నిద్రలోకి జారుకునేది. అత్త దగ్గర నేర్చుకున్న పని అది. ప్రేమమ్మ ఇంటివాళ్ళు మెథడిస్టు చర్చికి వెళ్ళే వాళ్ళయినా ఆమెను పిలవని ఇల్లు లేదు. భర్త అహరోను పసుపు చేలల్లో కూలికి పోయేవాడు. ఒక్కతే కూతురు లిడియా నిర్మల్‌లో ఉంటుంది. అల్లుడు తిమోతి దుబాయ్‌లో పని చేస్తాడు.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో అదే వాడలోని లస్మవ్వ ఇంట్లో ఆమె కోడలు దీపికకు కొడుకు పుట్టాడు. ఇరవై రోజుల బిడ్డ. నూనె రాసిన ఒళ్ళు, తిప్పబోతుంటే చేతిలోంచి కొంచెం జారాడు. ప్రేమమ్మ వెంటనే పట్టుకుంది. బిడ్డ ఏడవను కూడా లేదు. దీపిక చూడలేదు. కానీ ప్రేమమ్మ మనసులో ఒక మాట మెదిలింది. నువ్వే కావాలని వదిలేస్తే?

ఆ మాట వెనకే ఒక బొమ్మ కనిపించింది. తన రెండు చేతులు, బకెట్లో నీళ్ళు, నీళ్ళ కింద ఆ బిడ్డ ముఖం. ప్రేమమ్మ ఒళ్ళు చల్లబడిపోయింది. ఎలాగో స్నానం ముగించి, బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి శ్వాస చూసింది. మళ్ళీ చూసింది. ఇంటికి వచ్చాక, సగం అన్నం తిని లేచి లస్మవ్వ ఇంటికి తిరిగి వెళ్ళింది.

“పోరడు మంచిగున్నడా?”

“మంచిగనే ఉన్నడు. ఇప్పుడే పాలు తాగి పండుకున్నడు. ఏమైందే?” అంది లస్మవ్వ.

“ఏం లే. ఊరికెనే అచ్చిన.”

ఆ రోజు నాలుగుసార్లు వెళ్ళింది. వారం తిరిగేసరికి లస్మవ్వ ముఖం మారింది. “జర నువ్వు ఇంటికాడ రెస్ట్ తీస్కో ప్రేమమ్మా” అని, నీళ్ళు పోయడానికి వేరే ఆమెను పిలిపించుకుంది. నిజానికి అప్పటికే ప్రేమమ్మ మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకోవాలని చూస్తోంది. ఆ నెలలోనే మరో రెండు ఇళ్ళ నుంచి పిలుపు వస్తే అదే సాకు చెప్పింది.

పని మానేస్తే ఆ బొమ్మ పోతుందనుకుంది. పోలేదు. వీధిలో ఎవరు పసిబిడ్డను ఎత్తుకుని ఎదురొచ్చినా పక్క సందులోకి తిరిగేది. ఇంట్లో కత్తిపీటను అటక మీద పెట్టించి, కూరగాయలు భర్తతోనే కోయించేది. ఆలోచన వచ్చినప్పుడల్లా ప్రభువు నేర్పిన ప్రార్థన ఏడుసార్లు చెప్పుకునేది. మధ్యలో ఆ బొమ్మ మళ్ళీ కనిపిస్తే లెక్క చెడిపోయినట్టే. మొదటి నుంచి మొదలుపెట్టాలి. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేది, ఆమె పెదవులు మాత్రం ఆగేవి కావు.

పాస్టరుగారికి సగం చెప్పింది. చెడు తలంపులు వస్తున్నాయని చెప్పింది కానీ ఎలాంటివో చెప్పలేదు. ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆ పూట మనసు తేలికపడింది. సాయంత్రానికి మళ్ళీ మొదలైంది. తన మీద దేవుని చెయ్యి లేదని, తన లోపల ఏదో దుర్మార్గం పుట్టుకతోనే ఉండి ఇన్నాళ్ళకు బయటపడిందని ఆమె నమ్మింది.

అహరోనును రాత్రీ పగలూ ఒకటే అడిగేది. “నేను గట్ల చేసే మనిషినా?”

“ఎట్ల చేసే మనిషివే?” అని అతడు అడిగితే చెప్పేది కాదు. “ఏం కాదు, నువ్వు మంచిదానివే” అని అతడు అంటే ఒక్క గడియ నెమ్మదించేది. తర్వాత మళ్ళీ అడిగేది.

అలాంటి రోజుల్లో లిడియాకు కాన్పు అయింది. ఆడపిల్ల. మూడు నెలలు ఉండటానికి తల్లి ఇంటికి వచ్చింది. ప్రేమమ్మ వంట చేసింది, బట్టలు ఉతికింది, పథ్యం చూసింది. మనవరాలిని మాత్రం ముట్టుకోలేదు. ఊయలకు పది అడుగుల దూరంలోనే తిరిగేది. బిడ్డకు నీళ్ళు పోయడానికి పక్కింటావిడ వచ్చింది.

ఎనిమిదో రోజు లిడియా అడిగేసింది. “అవ్వా, ఊరందరి పోరగాండ్లకు నీళ్ళు పోసినవ్. నా బిడ్డను ముట్టవెందుకే? ఆడపిల్ల అనా?”

“మోకాళ్ళు నొస్తున్నయ్ బిడ్డా.”

“ఎత్తుకోనీకి మోకాళ్ళెందుకు?”

ప్రేమమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా లిడియా తల్లితో మాట్లాడలేదు.

ఆ శుక్రవారం లిడియా స్నానానికి వెళ్తూ, “జర చూస్తుండు” అని ఊయల చూపించి వెళ్ళింది. బిడ్డ లేచి ఏడ్చింది. ప్రేమమ్మ లేచి నిలబడింది. రెండడుగులు వేసింది. చేతులు ఊయల వైపు చాచగానే ఆ బొమ్మ కళ్ళ ముందుకు వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి, తలుపు తీసుకుని, చెప్పులు లేకుండా రోడ్డు దాకా పరుగెత్తింది. లిడియా తల తడి ఆరకుండానే వచ్చేసరికి ఇల్లంతా తెరిచి ఉంది. బిడ్డ ఒక్కతే గుక్కపట్టి ఏడుస్తోంది.

సరిగ్గా అప్పుడే టీకాల కోసం ఇళ్ళు తిరుగుతున్న నర్సు క్యాథరిన్, రోడ్డు పక్క రాయి మీద చెప్పుల్లేకుండా కూర్చున్న ప్రేమమ్మను చూసింది. క్యాథరిన్ కూడా అదే చర్చి మనిషి. ఆమెకు ప్రేమమ్మ చిన్నప్పటి నుంచి తెలుసు.

“పెద్దమ్మా, ఏమైంది?”

“నన్ను పోలీసోళ్ళకు పట్టియ్యి” అంది ప్రేమమ్మ. “నేను పిల్లను సంపుతనేమో. దినాం నాకు గదే కనపడుతున్నది.”

క్యాథరిన్ వెనక్కి జరగలేదు. పక్కన కూర్చుంది. “గా ఆలోచన వచ్చినప్పుడు నీకెట్లనిపిస్తది? చెయ్యాలనిపిస్తదా, భయమైతదా?”

“సచ్చిపోవాలనిపిస్తది.”

క్యాథరిన్ ఆమె చెయ్యి వదలకుండా ఇంటికి నడిపించింది. ప్రేమమ్మను ఒంటరిగా ఉంచవద్దని అహరోనుకు చెప్పింది. మరునాడే నిర్మల్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన అంతా విని, వద్దన్నా పదే పదే ఆలోచనలు వచ్చి పీడించే ఈ జబ్బును ఓసీడీ అంటారని, మందులు రాస్తానని, కానీ మందులతో పాటు చికిత్సలో మాట్లాడే భాగం కూడా ముఖ్యమని చెప్పి, కరీంనగర్‌లో మమతారాణి అనే సైకాలజిస్టు దగ్గరికి పంపాడు.

విషయం తెలిశాక లిడియా తల్లిని కౌగిలించుకోలేదు. బిడ్డను తీసుకుని నిర్మల్‌కు వెళ్ళిపోయింది. “గిట్ల వచ్చుడు తప్పని నాకు తెల్సు బాపూ. కానీ నాకు భయమైతుంది” అని తండ్రితో ఫోన్‌లో చెప్పి ఏడ్చింది.

అహరోను ప్రతి గురువారం కూలి మానుకుని, భార్యను జగిత్యాల మీదుగా బస్సులో కరీంనగర్‌కు తీసుకెళ్ళేవాడు. మొదటి రోజు ప్రేమమ్మ గంటసేపు ఏడ్చాక గానీ ఆ బొమ్మ గురించి చెప్పలేకపోయింది. మమతారాణి మధ్యలో ఆపలేదు.

“ఇసొంటి పిచ్చి ఆలోచనలు అందరికీ వస్తయమ్మా” అంది చివరికి. “బాయి దగ్గర నిలబడితే దుంకితే ఎట్లుంటదని అనిపిస్తది. వస్తది, పోతది. మీకు పోతలేదు, ఎందుకంటే దాన్ని మీరు నిజమనుకొని దానితోని కొట్లాడుతున్నరు. మీరు పిల్లలను పాణం లెక్క చూస్కునే మనిషి. అందుకే గా రోగం మిమ్మల్ని అక్కడ్నే పట్టింది.”

“మరి ప్రార్థన?”

“చేసుకోండ్రి. పొద్దున ఒక్కసారి, మీరు ఎప్పటికీ చేసినట్టు. భయం పోవాల్నని ఏడుసార్లు చేసేది ప్రార్థన కాదమ్మా. అది భయానికి మేత.”

చికిత్స మొదలైంది. మొదట ఆ ఆలోచనను నోటితో చెప్పాలి, ప్రార్థన చెప్పుకోకుండా భయంతో అలాగే కూర్చోవాలి. గుండె దడ దానంతట అదే తగ్గే దాకా ఉండాలి. తర్వాత కత్తిపీట కిందికి దించాలి. తర్వాత క్యాథరిన్ తోడుగా టీకాల రోజున పసిబిడ్డలున్న గదిలో కూర్చోవాలి. ఒక్కో మెట్టూ కాగితం మీద రాసుకున్నారు. చివరి మెట్టు మనవరాలికి నీళ్ళు పోయడం. ఆ మాట చదివిన ప్రేమమ్మ కాగితం మడిచి అహరోను జేబులో పెట్టింది.

అహరోనుకూ ఒక పని అప్పగించింది మమతారాణి. భార్య అడిగితే ధైర్యం చెప్పకూడదు, అదీ భయానికి మేతే. అది అతనికి అన్నిటికంటే కష్టమైంది. ఆ సాయంత్రమే ప్రేమమ్మ అడిగింది. “నేను గట్ల చేస్తనా?”

అతడు పొయ్యి వైపు తిరిగాడు. “నాకు తెల్వది ప్రేమా. ఎవ్వరికీ తెల్వది. కూసో, నేను చాయ పెడ్త.”

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. అతడు పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. కానీ తన మాట మార్చుకోలేదు.

అంతా సాఫీగా సాగలేదు. మందులకు కడుపు తిప్పి రెండు వారాలు మానేసింది. క్యాథరిన్ దగ్గర ఒక బిడ్డను ఎత్తుకున్న రోజు, బాత్‌రూంలోకి వెళ్ళి రహస్యంగా ఏడుసార్లు ప్రార్థన చెప్పుకుంది. తర్వాతి గురువారం ఆ సంగతి తనే చెప్పింది. మమతారాణి కోప్పడలేదు. “మల్ల ఎత్తుకుందాం” అంది.

నాలుగు నెలల తర్వాత లిడియా కూడా ఒక గురువారం కరీంనగర్‌కు వచ్చి తల్లి పక్కన కూర్చుని అంతా విన్నది. బయటికి వచ్చాక బస్టాండులో, “నాతోని ఒక్క మాట చెప్పకపోతివి అవ్వా” అంది.

“ఎట్ల చెప్పాలె బిడ్డా? చెప్తే పిల్లను నాకు చూపియ్యవనుకున్న.”

“చూపియ్యకనే పోయిన గద” అంది లిడియా, తల తిప్పుకుని.

బిడ్డకు ఏడో నెల నడుస్తుండగా లిడియా ఖానాపూర్‌కు వచ్చింది. రెండో రోజు పొద్దున ప్రేమమ్మ పీట వేసుకుని కూర్చుంది. కాళ్ళు చాపింది. పిల్ల ఎదిగింది, కాళ్ళ మీద పడుకోనంటూ లేవబోయింది. మొదటి చెంబు పోయగానే ఆ బొమ్మ రానే వచ్చింది. ప్రేమమ్మ వేలు పిల్ల ముక్కు దగ్గరికి పోలేదు, పెదవులు కదల్లేదు. చెమట కారుతుండగా రెండో చెంబు ముంచింది. స్నానం ముగిసేదాకా ఆ బొమ్మ పోలేదు. ఆమె కూడా పీట మీద నుంచి లేవలేదు.

ఇప్పుడు నెలకొకసారి కరీంనగర్‌కు వెళ్తోంది. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని రోజులు కత్తిపీట చూస్తేనే చెయ్యి వెనక్కి పోతుంది. వాడలో బాలింతలు ఆమెను పిలవడం లేదు. లస్మవ్వ ఎదురైతే మంచిగా పలకరిస్తుంది, అంతే. లిడియా పండక్కో సెలవుకో వస్తుంది. తల్లి పిల్లకు నీళ్ళు పోస్తున్నంతసేపూ, తువ్వాలు పట్టుకుని బాత్‌రూం గుమ్మం దగ్గరే నిలబడుతుంది. అది తువ్వాలు అందించడానికో, కాపలాకో ప్రేమమ్మకు తెలియదు. అడగాలని నోటి దాకా వస్తుంది. అడగకుండా చెంబు ముంచుతుంది.